ముందే చెప్పిన సాక్ష్యం

ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే చాలు, నాకు దాహం వేస్తుంది. చెప్పులు వెతుక్కుని బయటికి పోతాను, నీళ్లు తాగుతాను, మళ్లీ పాట ఎత్తుకున్నాక వచ్చి కూర్చుంటాను. మా కోడలు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టేసింది. న్యూ టౌన్‌లో వాళ్లు వెళ్లే సంఘం ఒక అద్దాల భవనంలో నడుస్తుంది. తెర మీద పాటలు పడతాయి, మైకు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరుగుతుంది. ఆమధ్య అక్కడ ఒక అమ్మాయి లేచి, వాళ్ల నాన్న కిడ్నీ జబ్బు ఇంకా తగ్గలేదు గానీ తగ్గిపోయిందని నమ్మకంతో ముందే సాక్ష్యం చెబుతున్నానంది. హాలంతా ఒకటే చప్పట్లు. నేను లేచాను.

"మళ్లీ దాహమా అత్తయ్యా?" అంది కోడలు.

"షుగరున్నదాన్ని, దాహం వెయ్యకూడదా?" అని కసిరాను. ఆ పిల్లని అనవసరంగా కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నా చిన్నప్పటి నుంచీ అంతే. బయట గేటు దగ్గర నిలబడి, ఆరాధన అయిపోయాక ఆ అమ్మాయిని పట్టుకుని, "మీ నాన్న ఆసుపత్రి మానెయ్యలేదు కదా?" అని మొహం మీదే అడిగాను. ఆమె బిత్తరపోయి, "లేదు ఆంటీ, వారం వారం వెళ్తున్నారు," అంది. అప్పటికి గాని నా గుండె కుదుటపడలేదు.

ఎందుకంటే అచ్చం అలాంటి సాక్ష్యమే ఒకప్పుడు నేనూ చెప్పాను. చెప్పి మా అమ్మని ఆసుపత్రికి దూరం చేశాను.

అప్పటికి ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి కొన్నేళ్లే అయింది. మేము ఖిదిర్‌పూర్‌లో ఓడరేవు దగ్గర వరసగదుల ఇంట్లో ఉండేవాళ్లం. వరస మొత్తానికి ఒకటే కుళాయి. మా వరసలో అందరూ శ్రీకాకుళం వైపు నుంచి డాక్‌లో పనికి వచ్చినవాళ్లే. మా నాన్న డాక్‌లో సరుకు లెక్క రాసే గుమాస్తా, ఆదివారం మా తెలుగు సంఘానికి కాపరి. ఒక బడి హాల్లో చాపలు పరుచుకుని కూడుకునేవాళ్లం. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. నేను ఆ బడిలోనే చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, ఆదివారాలు వాళ్లకే బైబిలు కథలు చెప్పేదాన్ని. ఇరవై దాటిన వయసు. నాకు తెలియనిది లేదనుకునే వయసు.

నాన్న ప్రసంగం సంఘంలో చాలామందికి నచ్చేది కాదు. ఆయన వాక్యాన్ని ఏరుకుని చెప్పేవాడు కాదు. వరసలో ఏ కీర్తన వస్తే అదే చెప్పేవాడు. ఆ నెలల్లో వరసగా ఏడుపు కీర్తనలు వచ్చాయి. డాక్‌లో బస్తాలు మోసే ఒకాయన ఒకసారి ఆరాధన అయ్యాక నాన్నని అడిగేశాడు.

"అయ్యగారూ, వారమంతా నడుములిరిగేలాగ మోసి వస్తన్నాం. ఇక్కడ కూడా ఏడుపేనేటండీ?"

"ఏం చెయ్యమంటావు బాబూ," అన్నాడు నాన్న. "ఆ ఏడుపు నేను పెట్టింది కాదు. ఆయనే రాయించి ఉంచాడు. దాటేసి వెళ్లిపోతే నీ నడుం గురించి ఆయనేం చెప్పాడో నీకెలా తెలుస్తుంది?"

మా అమ్మకి రొమ్ములో గడ్డ కనబడింది కూడా ఆ రోజుల్లోనే. ఆపరేషన్ చేశారు. ఆ తరవాత కరెంటు పెట్టించాలన్నారు. రేడియేషన్ వైద్యానికి మా వాళ్లు పెట్టుకున్న పేరు అదే. తెల్లవారకముందే నాన్నా అమ్మా బయల్దేరి, ట్రాము, తరవాత బస్సు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లి వరసలో నిలబడేవాళ్లు. "ఇంట్లో దీపానికి లేని కరెంటు మా అప్ప ఒంట్లోకి ఎక్కిస్తన్నారర్రా!" అని పక్కగది పిన్ని నవ్వించేది. పిన్ని అంటే మాకు చుట్టం కాదు. డాక్ కూలీ భార్య, అమ్మకి తోబుట్టువు కన్నా ఎక్కువ. కరెంటు పోని సాయంత్రం ఉండేది కాదు ఆ రోజుల్లో. అమ్మ కూడా నవ్వేది, నవ్వినప్పుడు ఎడమ చెయ్యి పట్టుకునేది. ఆ చంక కింద చర్మం కాలి నల్లబడిపోయింది.

నాకేమో లోపల ఉడికిపోయేది. నాన్న మీదే నా కోపమంతా. ఇంట్లో మనిషి ఇలా ఉంటే ఒక్క ఆదివారమైనా ధైర్యం చెప్పడేం? స్వస్థత గురించి చెప్పడేం? అమ్మ చాప మీద కూర్చుని వింటుంటే ఆయన అక్కడ నిలబడి, దేవుడు జవాబియ్యని ప్రార్థనల గురించి చెబుతాడా? ఇదెక్కడి చోద్యం అని పళ్లు కొరుక్కునేదాన్ని.

అలాంటప్పుడు మెటియాబ్రుజ్ వైపు ఒక మైదానంలో స్వస్థత కూటాలు పెట్టారు. పిన్నే నన్ను తీసుకెళ్లింది. జనరేటర్ మోతలో ఒక పెద్ద ప్రసంగీకుడు హిందీలో చెబుతున్నాడు, పక్కన ఒకాయన తెలుగులో అందుకుంటున్నాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ చెవిలోనే ఉన్నాయి. జబ్బు పోయాక సాక్ష్యం చెప్పడంలో గొప్పేముంది, పోకముందే చెప్పు, నలుగురిలో నోటితో చెప్పు, చెప్పాక వెనక్కి చూడకు, మళ్లీ మందుల వెంట పడితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే అన్నాడు. జనం ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. మా నాన్న ఇన్నేళ్లలో ఒక్కసారి ఇలా చెప్పి ఉంటే అమ్మకి ఈపాటికి నయమైపోయేదే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మా సంఘంలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్పే ఆచారం ఉంది. ఆడవాళ్లయితే కొంగు తల మీదికి లాక్కుని లేస్తారు, అందరికీ వందనాలు అంటారు, దేవుడు చేసిన మేలు చెబుతారు. కూర్చున్నవాళ్లు "స్తోత్రం" అంటారు. ఒకసారి "స్తోత్రం" అనేశాక ఆ మాట సంఘానిది అయిపోతుంది. సాక్ష్యం చెప్పడానికి పద్ధతి ఉంది గాని, చెప్పింది వెనక్కి తీసుకోవడానికి మా వాళ్ల దగ్గర ఏ పద్ధతీ లేదు. అలా తీసుకున్నవాళ్లని నేను అంతవరకు చూడలేదు.

ఆ ఆదివారం నేను లేచాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "మా అమ్మకి స్వస్థత అయిపోయింది. ప్రభువు ముట్టాడు. ఇక నొప్పి లేదు, జబ్బు లేదు. ఆసుపత్రి అవసరం లేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, గొప్పగా వినబడింది. హాలు దద్దరిల్లిపోయింది. పిన్ని ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. అందరి తలలూ అమ్మ వైపు తిరిగాయి.

అమ్మ నన్ను చూసింది. తరవాత బాగున్న చెయ్యి, కుడిచెయ్యి, పైకెత్తి "స్తోత్రం" అంది.

అది విశ్వాసం అనుకున్నాను నేను. నా బొంద!

నాన్న బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. ఆ రోజు వరసలో రావలసింది ఏడుపు కీర్తనల్లోకెల్లా చీకటిది, చివరిదాకా చీకటిగానే ఉండేది. ఆయన గ్రంథంలో గుర్తు పెట్టుకున్న కాగితం తీసేసి, పేజీలు తిప్పి, ఒక కృతజ్ఞతా కీర్తన చదివాడు. వరస తప్పి ఆయన ప్రసంగం చెయ్యడం నేను చూడడం అదే మొదటిసారి. గెలిచానని పొంగిపోయాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లవలసిన రోజు. నాన్న గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ లేవలేదు. నేను తెరచాటున పక్క మీద పడుకుని అన్నీ వింటున్నాను.

"ఆసుపత్రి మానమని దేవుడు చెప్పాడా, అది చెప్పిందా?" అన్నాడు నాన్న.

"మెల్లగా మాటాడండి, మన గుంట ఇంటది," అంది అమ్మ. "సంగమంతా స్తోత్రం అన్నాది. ఇప్పుడు నాను ట్రామెక్కితే దాని మొకం ఏటవుద్ది? మళ్లీ ఆ పిల్లల ముందర నిల్చొని కతలెలా సెప్తాది?"

"నీకు నొప్పి లేదా?"

"ఉంటే ఉన్నాది లెండి."

నాన్న గొడుగు మూల పెట్టేశాడు. నేను విన్నాను. స్పష్టంగా, పొల్లు పోకుండా విన్నాను. విని, ఇది నా విశ్వాసానికి పరీక్ష, వెనక్కి చూడకూడదు అని గట్టిగా కళ్లు మూసుకున్నాను. ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది ఆ సాక్ష్యం కాదు. సాక్ష్యం తెలివితక్కువతనం అనుకుని సరిపెట్టుకోవచ్చు. తెర వెనక పడుకుని అంతా విని ఊరుకున్నానే, దానికి నాకు ఏ పేరూ దొరకదు.

వారాలు గడిచిపోయాయి. అమ్మ ఎప్పటిలాగే వంట చేసేది, ఎప్పటిలాగే నవ్వేది. ఎదురొచ్చిన ప్రతివాళ్లూ "అమ్మగారూ, ఎలాగున్నారు?" అని అడిగేవాళ్లు. "బాగున్నానమ్మా," అనేది. ఒకరోజు కుళాయి దగ్గర పిన్ని నన్ను పక్కకి లాగింది.

"ఒలే, మీయమ్మ సెంబు కూడా ఎత్తలేకపోతంది. బట్టలుతుకుతున్నట్టు కూకొని కొంగు నోట్లో కుక్కుకుంటంది. నాను సూసినాను. ఓపాలి ఆసుపత్రికి తీసుకెళ్లు."

"కూటానికి నన్ను తీసుకెళ్లింది నువ్వే, ఇప్పుడు ఈ అవిశ్వాసం మాటలు మాట్లాడేదీ నువ్వేనా?" అని అరిచాను. కుళాయి దగ్గర ఉన్నవాళ్లందరూ వినేలాగ అరిచాను. పిన్ని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ తరవాత ఒక సాయంత్రం, బడి నుంచి వస్తున్నాను. వీధిలో డాక్ యూనియన్ వాళ్ల ఊరేగింపు వెళ్తోంది, ఎర్రజెండాలు, "చొల్‌బే నా, చొల్‌బే నా" అని, సాగదు సాగదు అని బెంగాలీలో కేకలు. ఆ గోలలో నేను గదిలోకి వచ్చింది అమ్మ గమనించలేదు. ఆమె తల దువ్వుకోవడానికి ప్రయత్నిస్తోంది. చెయ్యి పైకి రావడం లేదు. గోడకి నుదురు ఆనించి, వీధిలో కేకలు ఎక్కువైనప్పుడు మాత్రం మూలుగుతోంది. కేకలు తగ్గితే ఆపేస్తోంది. ఎవరికీ వినబడకూడదని అలా కేకల కోసం ఆగి మూలగడం చూశాను. చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి వీధి చివరిదాకా నడిచి, ఊరేగింపు వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.

వచ్చే ఆదివారం లేచి నిజం చెప్పేస్తాను అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. మా అమ్మకి తగ్గలేదు, నేను తొందరపడ్డాను, ఆమెని ఆసుపత్రికి వెళ్లనివ్వండి. మూడు ముక్కలు. పిల్లలకి పద్యం నేర్పినట్టు నాకు నేనే నేర్పుకున్నాను.

ఆదివారం వచ్చింది. సాక్ష్యాల సమయం అని నాన్న అన్నాడు. ఒకరు లేచి చెప్పారు, ఇంకొకరు చెప్పారు. నా ముందు వరసలో నా పిల్లలు కూర్చున్నారు. వాళ్ల జడల రిబ్బన్లు నాకు కనబడుతున్నాయి. లేవాలని చెయ్యి నేలకి ఆనించాను. చెయ్యి అక్కడే ఉండిపోయింది. "ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు నాన్న, నన్నే చూస్తూ. ఎవరూ లేవలేదు. ఆయన ప్రసంగం మొదలుపెట్టలేదు. మళ్లీ అడిగాడు. నేను చాప పోగులు లాగుతున్నాను.

నా వెనక ఎవరో లేచిన చప్పుడైంది. అమ్మ.

కొంగు తల మీదికి లాక్కోవడానికే ఆమెకి ఎంతోసేపు పట్టింది. అందరికీ వందనాలంది. "నాదే తప్పు," అంది. "నాకు నొప్పి పోనాదని మా గుంటకి నానే సెప్పినాను. ఆసుపత్రికి తిరగలేక అబద్దమాడినాను. నా మాట నమ్మీసి అది సాచ్చికం సెప్పీసినాది. దాన్నేటీ అనకండి. నన్ను చెమించండి."

ఆమె నాకు ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. నొప్పి పోయిందని ఒక్కసారి కూడా అనలేదు. దేవుడి సన్నిధిలో, సాక్ష్యం చెప్పేచోట నిలబడి, మా అమ్మ నా కోసం అబద్ధం చెప్పింది. ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక ఎవరో "అయ్యగారి భార్యే అలా చేస్తే ఎలా?" అని గొణిగారు. నా పక్కనున్నావిడ జాలిగా నా వీపు నిమిరింది. అప్పుడైనా లేవచ్చు. లేవలేదు.

నాన్న ఆ రోజు, పక్కన పెట్టేసిన ఆ చీకటి కీర్తన తీశాడు. పెద్దగా ఏమీ చెప్పలేదు. ప్రభువు కూడా తోటలో మోకాళ్లూని తన బాధ తప్పించమని అడిగాడనీ, అది తప్పలేదనీ, ఆయన విశ్వాసం చాలలేదని మనలో ఎవరమైనా అనగలమా అనీ అడిగాడు. బాధపడేవాడి దగ్గరికి వెళ్లి అబద్ధపు ధైర్యం చెప్పడం కన్నా పక్కన కూర్చుని ఏడవడం మేలన్నాడు. అంతకు ముందు నాకు చేదుగా ఉండే ఆ మాటలే ఆ రోజు ఒక్కొక్కటీ నాకు తగిలాయి. ముగించాక "స్తోత్రం" అని ఒకే ఒక్క గొంతు వినిపించింది. అది అమ్మది. ఆ తరవాత నాలుగైదు కుటుంబాలు మా సంఘం మానేసి స్వస్థత కూటాల వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాయి. నాన్న ఎవరినీ ఆపలేదు.

మర్నాడు ట్రాములో నేనూ వెళ్లాను. మధ్యలో ఎందుకు మానేశారని డాక్టరు గట్టిగా చీవాట్లు పెట్టాడు. "భయమేసిపోనాది దాదా," అంది అమ్మ, తప్పు తనదే అన్నట్టు. మానకపోయి ఉంటే నయమయ్యేదా అని నేను తరవాత ఒంటరిగా వెళ్లి డాక్టర్ని అడిగాను. చెప్పలేమన్నాడు. అవునంటే చచ్చేదాన్ని, కాదంటే బతికేదాన్ని. చెప్పలేమన్న మాట పట్టుకుని ఇన్నేళ్లూ ఉన్నాను.

"ఎందుకలా చెప్పావమ్మా?" అని ఒకసారి అడిగాను, నూనె పెట్టి ఆమె తల దువ్వుతూ.

"నాను పోయేదాన్నే," అంది. "నువ్వు ఆ సాప మీద ఇంకా శానా ఏళ్లు కూకోవాల. దువ్వు, దువ్వు. సిక్కు తియ్యి."

వానలు వెళ్లి చలి మొదలయ్యాక అమ్మ పోయింది.

మా వాళ్లలో శవపెట్టె ఎత్తేముందు, పోయినవాళ్ల గురించి నలుగురూ సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. వరసగదుల ముందు వాకిట్లో పెట్టె ఉంచారు. ఆమె చేతి కూడు తిన్నవాళ్లు చెప్పారు, కాన్పులకి ఆమె సాయం పొందినవాళ్లు చెప్పారు. సంఘపెద్ద ఒకాయన లేచి, "అమ్మగారు మధ్యలో ఒక్కసారి జారిపోయినా, దేవుడు ఆమెని క్షమించి చేర్చుకున్నాడు," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు పాపం.

నా ఒళ్లు మండిపోయింది. జారిపోయిందా? మా అమ్మా? నిజం చెప్పడానికి ఏ ఆదివారమూ లేవని కాళ్లు అప్పుడు లేచాయి.

"మా అమ్మ జారలేదు," అన్నాను. "నొప్పి పోయిందని ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. నేనే కల్పించి చెప్పాను. ఆసుపత్రి మానేసింది నా పరువు కోసం. నాకు తెలుసు, తెలిసీ ఊరుకున్నాను. నా తప్పు ఆమె నెత్తిన వేసుకుంది." ఇంకా ఏదేదో అన్నాను. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తల్లి మీద ప్రేమకొద్దీ అంటోందిలే అని ఎవరో అన్నారు.

నాన్న పెట్టె తల వైపు నిలబడి ఉన్నాడు. "అది నిజమే చెబుతోంది, వినండి," అన్నాడు. "ఆ ఆదివారం వాక్యం నా చేతిలోనే ఉంది. నేను అక్కడే ఖండించి ఉండవలసింది. కూతురికి తలవంపులవుతాయని ఆ వాక్యం పక్కన పెట్టి, మీకు నచ్చింది చదివాను. కాపరిగా ఆ రోజు నేను మీకు కూడా అబద్ధం చెప్పాను." పెట్టె ఎత్తారు.

బరువు దిగిందనుకున్నాను. ఆ రాత్రి చాలా రోజుల తరవాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను కూడా. మర్నాడు పొద్దున్న బకెట్ పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్తే, పిన్ని మా ఇంటి గిన్నెలు తోముతోంది. నేను అరిచిన రోజు నుంచీ ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ రోజు తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నాకు ముందే తెలుసు గదే, అప్ప నీ కోసరం అబద్దమాడినాదని. ఈ కుళాయి కాడే నాతో సెప్పినాది. ఎవలికీ సెప్పనని ఒట్టేయించుకున్నాది. అంతమంది ముందర పరువు ఒగ్గీసి, నీ మొకం నిలబడాలని జల్మలో ఒక్క అబద్దమాడినాది అది." గిన్నె బోర్లించి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ ఒక్కదాన్ని కూడా ఉండనియ్యలేకపోనావేటే?"